లెక్కపెట్టి లోపలికి, లెక్కపెట్టి బయటికి



2019 ఏప్రిల్ 15, సోమవారం సాయంత్రం. పారిస్ నగరంలో నోత్రదామ్ ఆలయం తగలబడుతోంది. మీలో చాలామంది ఆ దృశ్యం టీవీలో చూసే ఉంటారు. పైకప్పు మండిపోతోంది. చూస్తూ ఉండగానే ఎత్తయిన శిఖరం విరిగి లోపలికి కూలింది. వందలమంది అగ్నిమాపక సిబ్బంది పోరాడుతున్నారు. వాళ్ళ దగ్గర నిచ్చెనలున్నాయి, నీళ్ళ గొట్టాలున్నాయి, గుండె ధైర్యం ఉంది. కానీ ఆలయం లోపల ఒక ఇనప్పెట్టె ఉంది. యేసు ప్రభువు తలమీద పెట్టిన ముళ్ళకిరీటం అని క్రైస్తవులు వందల ఏళ్ళుగా గౌరవించే అవశేషం అందులో ఉంది. ఆ పెట్టె తాళాల సంగతి వాళ్ళకి తెలియదు.

అది తెలిసిన మనిషి రావాలి. ఆలయం లోపలి వస్తువులన్నీ ఎవరి చేతికింద ఉంటాయో ఆ ఉద్యోగి రావాలి. ఆయన వచ్చాడు. పెట్టె తెరుచుకుంది. ముళ్ళకిరీటం బయటికొచ్చింది. మిగతా విలువైన వస్తువుల్ని మనుషులు వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందించుకుంటూ దాటించారు.

మంట ఆర్పడానికి వందలమంది ఉన్నారు. ఏది ఎక్కడుందో చెప్పడానికి మాత్రం ఒకరిద్దరే ఉన్నారు. ఆ ఒకరిద్దరి గురించే, అలాంటివాళ్ళు చేసే పని గురించే, ఈ పావుగంట మీతో మాట్లాడతాను.

ఈ పని చేసేవారిని ఇంగ్లీషులో శాక్రిస్టన్ అంటారు. కేరళ చర్చిల్లో కప్యార్ అంటారు. తమిళనాట కోయిల్‌పిళ్ళై అంటారు. మన పల్లెల్లో ఒక్కోచోట ఉపదేశిగారే ఆ పని కూడా చూసుకుంటారు. ఒక్కోచోట సిస్టరమ్మలు చూస్తారు. ఒక్కోచోట ఏ పదవీ లేని ఓ పెద్దాయన, ఓ పెద్దమ్మ, ఏళ్ళ తరబడి చూస్తూ ఉంటారు. ఎవరు చేసినా పని ఒకటే. ఆరాధనలో వాడే పవిత్ర పాత్రల్ని, గురువులు తొడుక్కునే పూజావస్త్రాల్ని సిద్ధంచేసి ఇవ్వాలి. పని అయ్యాక మళ్ళీ భద్రం చెయ్యాలి.

ఇది చాలా పాత ఉద్యోగం. ఎంత పాతదంటే, బైబిలు పాత నిబంధనలోనే ఉంది. మొదటి దినవృత్తాంతముల గ్రంథంలో, తొమ్మిదో అధ్యాయంలో, లేవీయుల పనులు చెబుతూ ఒక చిన్న మాట వస్తుంది. సేవకు వాడే పాత్రలు కొందరి వశంలో ఉండేవట. వాళ్ళు వాటిని లెక్కపెట్టి లోపలికి తెచ్చేవారట, లెక్కపెట్టి బయటికి తీసుకెళ్ళేవారట.

శ్రోతలూ, ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. లెక్కపెట్టి లోపలికి, లెక్కపెట్టి బయటికి. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. తాళం ఎవరైనా వేస్తారు. లెక్క చెప్పేవాడే కాపరి.

ముందు ఒక ఆదివారం ఉదయం చూద్దాం. కతోలిక దేవాలయం అనుకోండి. పూజ ఏడింటికి. శాక్రిస్టన్ ఆరింటికే వచ్చి తలుపులు తీస్తారు. బలిపీఠం పక్కనే ఒక చిన్న గది ఉంటుంది. బీరువాలు, సొరుగులు, ఒక పొడవాటి బల్ల. పని మొదలయ్యేది అక్కడే.

మొదటి ప్రశ్న, ఈ రోజు ఏ రంగు? గురువుగారు పైన తొడుక్కునే వస్త్రం రంగు ఇష్టాన్ని బట్టి ఉండదు, రోజును బట్టి ఉంటుంది. క్రిస్మస్‌కి, పాస్కా పండగకి తెలుపు. తపస్సుకాలంలో ఊదా. వేదసాక్షుల పండగలకి ఎరుపు, ప్రాణమిచ్చినవాళ్ళు కదా. ఏ పండగా లేని మామూలు ఆదివారాల్లో ఆకుపచ్చ. తపస్సుకాలం మధ్యలో ఒక్క ఆదివారం మాత్రం ఊదా బదులు గులాబీ రంగు వాడవచ్చు. ఉపవాసాల నడుమ కాస్త సంతోషం అన్నమాట. ఈ లెక్కంతా శాక్రిస్టన్‌కి నోటికి వచ్చి ఉండాలి. గురువుగారు గదిలోకి వచ్చేసరికి ఆనాటి వస్త్రాలు తొడుక్కునే వరసలో బల్లమీద పరిచి ఉండాలి.

ఆ వస్త్రాల్ని కాపాడటం ఎంత పనో మన ఇళ్ళలో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళినాటి పట్టుచీర బీరువాలో ఏళ్ళ తరబడి ఒకే మడతమీద ఉంటే ఏమవుతుంది? మడత దగ్గరే పట్టు చిట్లుతుంది, జరీ విరుగుతుంది. అందుకే అప్పుడప్పుడూ తీసి, గాలి తగలనిచ్చి, మడత మార్చి పెడతారు. పట్టుతో, బంగారు దారంతో కుట్టిన పూజావస్త్రానికీ అంతే. చెమట ఆరకుండా లోపల పెట్టకూడదు. తేమ తగలకూడదు. పురుగు చేరకూడదు.

రెండో ప్రశ్న, పాత్రలు. ద్రాక్షారసం పోసే పానపాత్ర ఉంటుంది. అప్పం ఉంచే పళ్ళెం ఉంటుంది. జనానికి పంచే సత్ప్రసాదానికి మూత ఉన్న పాత్ర ఉంటుంది. పానపాత్ర వెండిదైతే లోపలివైపు బంగారు పూత ఉంటుంది. ఆ పూత చాలా పలచన. పీచుపెట్టి తోమకూడదు, చింతపండు దగ్గరికి రానివ్వకూడదు. మెత్తటి గుడ్డతో, ఓపికగా తుడవాలి.

మూడో ప్రశ్న, ఎన్ని అప్పాలు? ఇదీ లెక్కే చూడండి. ఈ రోజు ఎంతమంది వస్తారు? ఊళ్ళో పెళ్ళి ఉందా? నాట్లు పడుతున్నాయా? పరీక్షలు అయిపోయి పిల్లలు ఇళ్ళకొచ్చారా? ఊరి సంగతులు తెలియకపోతే ఈ లెక్క తేలదు. అప్పం గోధుమపిండితోనే చెయ్యాలి. ద్రాక్షారసంలో ఇంకేదీ కలిసి ఉండకూడదు. రెండూ పాడవకుండా చూడాలి. వానాకాలంలో కోస్తా ఊళ్ళలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే అప్పాల డబ్బా మూత మీద ఎంత ధ్యాస ఉండాలో ఆలోచించండి.

సరే, పూజ అయింది. జనం బయటికొచ్చి మాటల్లో పడ్డారు. శాక్రిస్టన్‌కి సగం పనే అయింది. బయటికెళ్ళినవన్నీ ఇప్పుడు లోపలికి రావాలి. పాత్రలు, పుస్తకం, కొవ్వొత్తుల సెమ్మెలు, చిన్న గుడ్డలు. లెక్కపెట్టి లోపలికి.

ఆ చిన్న గుడ్డల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బలిపీఠం మీద, పాత్రల కింద, ఒక చతురస్రపు తెల్ల గుడ్డ పరుస్తారు. దాన్ని ఇటు మూడు, అటు మూడు మడతలు పెడతారు. విప్పితే తొమ్మిది గళ్ళు కనిపిస్తాయి. మడత ఎప్పుడూ లోపలికే. ఎందుకు? పవిత్రమైన అప్పంలోంచి ఒక్క రేణువు రాలినా ఆ గుడ్డలోనే ఉండిపోవాలి, నేలమీద పడకూడదు. పానపాత్ర తుడిచిన గుడ్డ ఇంకొకటి ఉంటుంది. వాటిని నేరుగా చాకలికి వెయ్యరు. ముందు విడిగా నీళ్ళలో జాడిస్తారు. ఆ నీళ్ళు మురిక్కాలవలో కలవకూడదు. చాలా దేవాలయాల్లో ఇందుకోసమే ఒక ప్రత్యేకమైన తొట్టి ఉంటుంది, దాని గొట్టం నేరుగా మట్టిలోకే దిగుతుంది. అలాంటి తొట్టి లేనిచోట ఎవరూ తొక్కని చోటు చూసి నేలమీద పోస్తారు. ఆ తర్వాతే సబ్బు, ఇస్త్రీ.

చూశారా? ఒక్క రేణువుకి లెక్క ఉంది. గుడ్డ జాడించిన నీళ్ళకీ లెక్క ఉంది. ఆఖరికి ఆకులకి కూడా ఉంది. మట్టల ఆదివారం నాడు జనం చేతుల్లో పట్టుకున్న మట్టల్ని దాచి ఎండబెడతారు. మరుసటి ఏడు వాటిని కాల్చి, ఆ బూడిదనే విభూది బుధవారం నాడు నుదుట పెడతారు. ఎక్కడ దాచామో ఏడాదిపాటు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా.

ఇక్కడ మీలో కొందరికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. "బాగానే ఉందండీ. కానీ దేవుడికి వెండి గిన్నెలెందుకు, జరీ బట్టలెందుకు? ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే చాలదా?" అని. మంచి ప్రశ్న. ఈ ప్రశ్న శ్రీసభలోనే పుట్టింది. దానికి జవాబు కూడా పాత్రలు కాచినవాళ్ళే చెప్పారు.

258వ సంవత్సరం. రోమునగరం. వలేరియన్ చక్రవర్తి క్రైస్తవుల్ని హింసిస్తున్న కాలం. లారెన్సు అనే డీకను ఉన్నాడు. రోము సంఘపు సొమ్ము, సొత్తు ఆయన చేతికింద ఉండేవి. సంప్రదాయం చెప్పే కథ ఇది. పోపుని చంపేశాక అధికారి లారెన్సుని పిలిచాడు. "మీ గుడి ధనమంతా తెచ్చి అప్పగించు" అన్నాడు. లారెన్సు గడువు అడిగాడు. ఉన్నదంతా పేదలకి పంచేశాడు. గడువునాటికి కుంటివాళ్ళని, గుడ్డివాళ్ళని, అనాథల్ని, విధవరాళ్ళని వెంటబెట్టుకొచ్చి అధికారి ముందు నిలబెట్టాడు. మా సంఘం ధనం వీళ్ళే అన్నాడు. ఆగస్టు 10న ఆయన వేదసాక్షిగా మరణించాడు.

లెక్క అడిగారు, లెక్క చెప్పాడు. అయితే ఆయన పుస్తకంలో జమ కట్టింది వెండిని కాదు, మనుషుల్ని.

ఇంకో కథ. మొదటిది సంప్రదాయం చెప్పింది. ఇది ఆ పని చేసిన మనిషే రాసిపెట్టింది. ఇటలీలో మిలాన్ నగరం, బిషప్ అంబ్రోసు. 378లో ఆడ్రియనోపుల్ దగ్గర గోతు జాతివాళ్ళ చేతిలో రోమన్లు చిత్తుగా ఓడిపోయారు. వేలమంది బందీలయ్యారు. డబ్బు కడితే విడిపించుకోవచ్చు. అంబ్రోసు గుడి పాత్రల్ని కరిగించి ఆ డబ్బుతో బందీల్ని విడిపించాడు. గిట్టనివాళ్ళు గోల చేశారు. పవిత్ర పాత్రలు పగలగొడతావా అన్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. గుడికి బంగారం ఉన్నది దాచుకోవడానికి కాదు, అవసరానికి ఖర్చుపెట్టడానికి అని తన గ్రంథంలో వాదించాడు.

ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది, దాన్ని వదిలేయకండి. ఆ పని ఎలా చెయ్యాలో కూడా అంబ్రోసు చెప్పాడు. ముందు, ఇంకా ప్రతిష్ఠించని పాత్రలు వెతకాలి. తర్వాత వాటిని విరగ్గొట్టాలి. ఆఖరున కరిగించాలి. పాత్ర రూపంలో మాత్రం గుడి దాటి పోకూడదు. ఎవడి ఇంట్లోనో తాగుడు గిన్నె కాకూడదు. ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆయన చెయ్యి వెనకాడలేదు. కానీ ఆ ఇవ్వడానికీ ఒక వరస ఉంది. అదే లెక్కపెట్టి బయటికి.

తాగుడు గిన్నె అంటే బైబిలు చదివినవాళ్ళకి బెల్షస్సరు విందు గుర్తొస్తుంది. యెరూషలేము మందిరపు పాత్రల్ని రాజు నెబుకద్నెజరు బబులోనుకి దోచుకుపోయాడు. తర్వాత అక్కడి పాలకుడు బెల్షస్సరు వాటిలో ద్రాక్షారసం పోయించుకుని, వెయ్యిమంది అధిపతుల ముందు తాగాడు. గోడమీద చెయ్యి కనిపించి రాత రాసింది అప్పుడే. ఆ కథ అందరికీ తెలుసు. దాని తర్వాతి సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. పారశీక రాజు కోరెషు ఆ పాత్రల్ని తిరిగి ఇచ్చేశాడు. ఖజానాదారుడు మిత్రిదాతు వాటిని బయటికి తీయించి, యూదుల అధిపతి షేష్బజ్జరుకి లెక్కపెట్టి అప్పగించాడు. ఎజ్రా గ్రంథం మొదటి అధ్యాయంలో ఆ పట్టిక ఉంది. చెరలోంచి ఒక జాతి తిరిగి వస్తోంది. రాజశాసనం పక్కనే గిన్నెల పట్టిక! ఎందుకు రాశారు? పోయింది మాదే, వచ్చిందీ మాదే అని పిల్లలకి చూపించాలి కాబట్టి.

లెక్క ఇంకో పని కూడా చేస్తుంది. నింద రాకుండా కాపాడుతుంది. 404వ సంవత్సరంలో కాన్‌స్టాంటినోపుల్ పెద్ద దేవాలయం తగలబడింది. బిషప్ యోహాను క్రిసోస్తోముని పదవినుంచి దించి ఊరినుంచి పంపేసిన రోజులు అవి. అంతా బూడిదయింది. పవిత్ర పాత్రలు దాచిన చిన్న కట్టడం ఒక్కటి మిగిలింది. ఆయన జీవితం రాసిన పల్లాదియు ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతాడు. అది కూడా కాలిపోయి ఉంటే, గిట్టనివాళ్ళు పాత్రలన్నీ యోహాను కాజేశాడని అనేవారు. పాత్రలు మిగిలాయి, మనిషి పరువూ మిగిలింది.

ఈ ఉద్యోగం ఎంత నమ్మకంతో కూడుకున్నదో తెలియాలంటే రోముకి వెళ్ళాలి. పోపుగారి ప్రార్థనాలయపు శాక్రిస్టన్ పదవిని అగస్తీను సభ గురువులకే ఇవ్వాలని 1497లో ఆరో అలెగ్జాండరు పోపు శాసించాడు. అప్పట్లో పోపుగారి మహాపూజలో ఒక ఆచారం ఉండేది. బలిపీఠం మీద పెట్టబోయే అప్పాల్లోంచి కొన్ని తీసి ముందు శాక్రిస్టన్ చేత తినిపించేవారు. విషం లేదని తేలాకే పూజ ముందుకి సాగేది. అంటే, తను తెచ్చినదానికి ఆయన ప్రాణం పెట్టి లెక్క చెప్పాలన్నమాట.

ఇక మన దగ్గరికి వద్దాం. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మాత ఉత్సవాలకి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. లక్షల జనం. కొండ, మెట్లు, కొబ్బరికాయలు, తలనీలాలు. ఒక పూజ తర్వాత ఒక పూజ. అంత జనంలో, అంతమంది గురువులకి, ఏ వస్త్రం ఎవరికిచ్చారు, ఏ పాత్ర ఎటు వెళ్ళింది అన్నది ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. ఈసారి వెళ్ళినప్పుడు ఆ పనిమీద తిరిగే మనుషుల్ని గమనించండి. వీలైతే ఒక్క మాట పలకరించండి.

పెద్ద క్షేత్రాల సంగతి అది. మరి మన చిన్న ఊళ్ళో? రేకుల కప్పు కింద గుడి, ఒకే ఒక్క పాత్ర, రెండు జతల వస్త్రాలు. అక్కడ లెక్కేముంటుంది అనుకోకండి. నన్నడిగితే అక్కడే ఎక్కువ ఉంది. తెలుగునాట చాలా పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు అన్నం వండే ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టేవారు. అది దేవుడి గుప్పెడు. పోగైన బియ్యం ఆదివారం గుడికి చేరేది. తన పిల్లలకి సరిపోతుందో లేదో తెలియని ఇంట్లోంచి వచ్చిన గుప్పెడు అది. అలాంటి చేతులు ఇచ్చినదాంతో గుడికి ఒక పళ్ళెం వచ్చిందంటే, ఆ పళ్ళెం ఎవరిది? గురువుగారిది కాదు, ఆయన కొన్నేళ్ళకి బదిలీ మీద వెళ్ళిపోతారు. సంఘపెద్దదీ కాదు. తాళంచెవి పట్టుకున్నవాడిదీ కాదు. గుప్పెడు తీసిపెట్టిన తల్లులది. కాపరి లెక్క చెప్పాల్సింది దేవుడికే అనుకుంటాం. ఆ తల్లులకీ చెప్పాలి.

లెక్క ఉండాలన్నది నా సొంత మాట కూడా కాదు. 1983లో వెలువడిన కతోలిక శ్రీసభ చట్టం రెండు సంగతులు చెబుతుంది. సత్ప్రసాదం ఉంచే మందసం తాళంచెవిని బాధ్యులు అతి జాగ్రత్తగా కాపాడాలి. గుడి ఆస్తి చూసేవాళ్ళు బాధ్యత తీసుకునే ముందే, ఉన్న విలువైన వస్తువులన్నిటికీ సరైన పట్టిక రాయించాలి. మళ్ళీ అదే, తాళం, లెక్క.

అందుకే, శ్రోతలూ, మీ గుడికి సంబంధించి మూడు ప్రశ్నలు అడగమని కోరుతున్నాను. మీది కతోలిక దేవాలయం కావచ్చు, లూథరన్ సంఘం కావచ్చు, సీఎస్ఐ కావచ్చు. ఆ మాటకొస్తే రామాలయమైనా, మసీదైనా ఈ మూడు ప్రశ్నలూ పనికొస్తాయి.

ఒకటి. గుడిలో ఉన్న వస్తువులకి రాసిపెట్టిన పట్టిక ఉందా? ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఇప్పుడెలా ఉంది?

రెండు. ఏది ఎక్కడుందో, ఎలా శుభ్రం చెయ్యాలో ఇప్పుడు చూసే మనిషి కాక ఇంకొకరికి తెలుసా? తెలియకపోతే, ఆ పెద్దాయన పక్కన ఒక కుర్రాణ్ణో, ఒక అమ్మాయినో ఈ ఆదివారం నుంచే నిలబెట్టండి. ఈ పని పక్కన నిలబడి చూస్తేనే వస్తుంది.

మూడు. ఊరికి నిజంగా ఆపద వస్తే, వరదో, తుపానో, కరువో, ఈ వస్తువుల్లో ఏది ఇచ్చెయ్యవచ్చు? ఎవరు కూర్చుని, ఏ వరసలో నిర్ణయిస్తారు? అంబ్రోసు అలాంటి వరస రాసిపెట్టాడు. మనమూ ఆలోచించి పెట్టుకోవచ్చు.

మొదటి ప్రశ్నకి జవాబు లేదంటారా? ఖర్చేమీ లేదు. ఒక నోటుపుస్తకం చాలు. మొదటి పేజీలో తేదీ వెయ్యండి, గుడిలో ఉన్న మొదటి వస్తువు పేరు రాయండి, అది ఇచ్చినవాళ్ళ పేరు పెద్దల్ని అడిగి పక్కనే రాయండి.